సీలింగ్ మిషన్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: పొడి మూతిని ఉంచి నొక్కుము. దీపమారువఱకు పట్టుము. ఆరినను వెంటనే వదలకుము.

ప్రతిపదార్థం: పొడి మూతిని = నూనె, కారం అంటని కవరు అంచును; దీపము = మిషన్ మీది చిన్న ఎర్ర లైటు; ఆరినను = ఆరిపోయినప్పటికీ; వెంటనే = తొందరపడి, అనగా ఎదుట పదిమంది చిల్లర చేతబట్టుకుని నిలబడి ఉన్నప్పటికీ; వదలకుము = పిడి ఎత్తవద్దు.

టీక: ఇది మిఠాయి దుకాణాల్లో, పచ్చళ్ల కొట్లలో కవర్లు అతికే మిషన్‌ను ఉద్దేశించిన సూత్రం. ఎనిమిది అంగుళాల చేతి మిషన్ సాధారణంగా 300 వాట్లది. వంటింటి మిక్సీలు చాలావరకు ఇంతకంటే ఎక్కువే తాగుతాయి. ఇంత కొద్ది కరెంటుతో ప్లాస్టిక్ క్షణంలో ఎలా కరుగుతుందని శంక. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ శక్తినేమీ పెంచదు. వోల్టేజీని తగ్గించి, ఆ మేరకు కరెంటును పెంచుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుందని శాస్త్రవేత్త జౌల్ 1841లోనే చెప్పాడు. అయితే అసలు కిటుకు అక్కడ లేదు. రెండు మిల్లీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరులో పదో వంతు మందం ఉన్న నైక్రోమ్ రిబ్బను బరువు గ్రాములో మూడో వంతు. దాన్ని 150 డిగ్రీలకు తేవడానికి 20 జౌళ్లు చాలు. పల్చటి పాలిథిన్ 110 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మిషన్ ఒక్క సెకనులో ఇచ్చేది 300 జౌళ్లు. అంత వేడీ గ్లాసుడు నీళ్లకు ఇచ్చినా అవి అర డిగ్రీ కూడా వేడెక్కవు. కనుక ఇక్కడి నేర్పు వేడిని పుట్టించడంలో కాదు, వేడెక్కవలసిన దాన్ని అతి కొంచెంగా ఉంచడంలో ఉంది.

పూర్వపక్షి ఇలా ఆక్షేపిస్తాడు: ఇళ్లలో కొవ్వొత్తి మంటతో కవర్లు అతుక్కుంటూనే ఉన్నారు కదా, ఈ యంత్రమెందుకు? కొవ్వొత్తికి వేడిలో లోటు లేదు, దాని మంట వెయ్యి డిగ్రీలు దాటుతుంది. లోటంతా ఆగడంలో ఉంది. మంట అంచులను నొక్కి పట్టదు, నొక్కి పట్టిన చోటనే చల్లారనూ లేదు. ఇస్త్రీపెట్టె నొక్కగలదు గానీ దాని బరువైన అడుగు వేడిని దాచుకుంటుంది. ఎత్తేసరికి అతుకు ఇంకా జిగురుగానే ఉండి సాగిపోతుంది. రిబ్బనుకు దాచుకునేంత ఒళ్లు లేదు. లైటు ఆరగానే దాని వేడి చుట్టుపక్కలకు జారిపోతుంది, పిడి కిందనే ప్లాస్టిక్ గట్టిపడుతుంది. మూడో వాక్యం ప్రక్షిప్తమని కొందరు వర్తకులు ఆచరణలో వాదిస్తుంటారు. వారి కొట్లలో చేగోడీలు మెత్తబడటమే ఆ వాదానికి ఖండన.

అట్లయిన నాబును చివరి అంకెకు తిప్పితే అతుకు మరింత గట్టిపడదా? పడదు. మామూలు చేతి మిషన్‌లో నాబు పెంచేది వాట్లను కాదు, కాలాన్ని. కాలం పెరిగేకొద్దీ వేడి రిబ్బను దాటి కింది పట్టీకి, పైనున్న రబ్బరుకు పాకుతుంది; అవి వేడెక్కాక మన యంత్రం కూడా చిన్నపాటి ఇస్త్రీపెట్టే. వరసగా కవర్లు అతికే కొద్దీ ఇదే జరుగుతుంది కాబట్టి, అంచు కాలి ముడుచుకుంటే నాబును ఒక అంకె వెనక్కి తిప్పండి; రిబ్బను మీది టెఫ్లాన్ గుడ్డ మాడిపోయి ఉంటే ముందు దాన్ని మార్చండి.