సృజనాత్మకత డబ్బాలో వచ్చింది, సంతకం పెట్టండి

వేసవి సెలవులు మొదలవగానే కోనసీమ తల్లిదండ్రులను ఒక భయం పట్టుకుంటుంది. పిల్లాడు ఖాళీగా కనబడుతున్నాడు! అరుగు మీద కూర్చుని ఎటో చూస్తున్నాడు. ఇలా వదిలేస్తే ఏమైపోతాడో! వెంటనే ఫోను తీసి, ఇంట్లో చేసుకునే సృజనాత్మక కార్యక్రమాలు ఏమున్నాయో వెతుకుతారు. రెండు రోజుల్లో డబ్బా దిగుతుంది. ఇక ఎవరు పలకరించినా ఒకటే జవాబు: “మావోడు ఖాళీగా ఉండట్లేదండి. యాక్టివిటీ చేస్తన్నాడు. ఆయ్!”

డబ్బా విప్పితే నున్నగా గీకిన కొబ్బరి చిప్ప ఒకటి, రంగు సీసాలు, కుంచె, గుప్పెడు కొబ్బరి పీచు, ఎలా ఆనందించాలో వరుస నంబర్లతో చెప్పే కాగితం. అంబాజీపేట మార్కెట్లో లారీ ఎక్కిన కాయ ఏ నగరంలోనో చిప్పగా మారి, ముస్తాబై, కొరియర్లో మళ్లీ అంబాజీపేట వీధిలోకే వచ్చిందన్నా ఆశ్చర్యం లేదు. అది అందుకున్న ఇంటి పెరట్లో పొయ్యి పక్కన చిప్పలు గుట్టగా పడి ఉంటాయి. నాన్నమ్మ చేతికిస్తే అది వంటచెరకు. డబ్బాలో వస్తే కళాఖండానికి ముడిసరుకు. ఇది వెటకారానికి అల్లిన కథ అనుకునేవారు 2018 నాటి వార్తలు గుర్తుచేసుకోవాలి. అమెజాన్‌లో అర కొబ్బరి చిప్పకు వెయ్యి రూపాయల పైచిలుకు ధర కనబడి దేశమంతా నవ్వుకుంది. అంతకుముందు 2015లో పిడకలూ ఆన్‌లైన్‌కెక్కాయి. ఈ లెక్కన రాబోయే సంక్రాంతికి గొబ్బెమ్మల కిట్టు రాకపోతే మన వ్యాపారుల తెలివిని అనుమానించాల్సిందే. గుమ్మడిపువ్వు అదనం.

డబ్బా మీద లాభాల పట్టిక కూడా ఉంటుంది. చేతివేళ్ల నైపుణ్యం, ఏకాగ్రత, సమస్యను పరిష్కరించే శక్తి. మంచివే, ఎవరు కాదన్నారు? కొబ్బరాకుతో బూర చెయ్యాలంటే ముందు ఈనె తీసెయ్యాలి. ఆకుని సన్నగా మొదలుపెట్టి, చుట్టు మీద చుట్టు వేస్తూ వెడల్పు చెయ్యాలి. విప్పుకుపోకుండా చివర పుల్ల గుచ్చాలి. ఊదితే పలకదు. విప్పి మళ్లీ చుట్టాలి. పైన చెప్పిన మూడు లాభాలూ అందులోనే ఉన్నాయి. వామనగుంటలాడే పిల్ల ఏ గుంటలో చింతపిక్కలు తీస్తే ఎక్కడ ఆగుతాయో ముందే మనసులో లెక్కేసుకుంటుంది. ఆ లెక్కకి ఫీజు లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు. తాటిబుర్రల బండికి బ్రోచర్ లేదు. అరటి డొప్పలో దీపం పెట్టి పోలి పాడ్యమినాడు కాలవలో వదిలే చిన్నదానికి సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు. పైగా కొబ్బరాకు బూర మోత భరించలేం. కిట్టు మాత్రం మోత చెయ్యదు, టైల్స్ మీద మరక పడనివ్వదు, ఫొటోలో బాగా పడుతుంది. స్టేటస్ పెట్టాక పిల్లాడు దాని మొహం చూడకపోయినా నష్టం లేదు. కొన్న పని అయిపోయింది.

బడి ఇంకో మెట్టు పైనుంది. ‘మన సంస్కృతి’ పేరుతో ప్రభ నమూనా చేసుకు రమ్మంటుంది. రాత్రి పదింటికి నాన్న థర్మోకోల్ కోస్తాడు, అమ్మ రంగు కాగితాలు అంటిస్తుంది, పిల్లాడు నిద్రపోతాడు. మర్నాడు బహుమతి పిల్లాడికే! అసలు ప్రభ ఎక్కడుంది? కనుమనాడు జగ్గన్నతోటలో ఉంది. చుట్టుపక్కల ఊళ్లనుంచి ఏకాదశ రుద్రులు ప్రభలెక్కి అక్కడికి చేరతారు. గంగలకుర్రు ప్రభలను జనం భుజాల మీద మోస్తూ, నీళ్లున్న కౌశిక కాలవలోకి దిగి దాటిస్తారు. ఆ ప్రభల తీర్థమే 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటమైంది. ఢిల్లీ దాకా వెళ్లిన ప్రభ పక్క వీధి పిల్లాడి దగ్గరికి మాత్రం థర్మోకోల్ రూపంలో వస్తుంది. వెదురు వంచి కడుతున్న పెద్దల పక్కన ఓ పూట నిలబడి తాడు అందిస్తే వాడికి చదువు పాడవుతుందట! జాతీయ విద్యా విధానం 2020 ఏమో, 6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచీ వదిలి, స్థానిక వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో పని నేర్చుకోవాలంది. అమలాపురం పక్కనే బండారులంకలో మగ్గాలున్నాయి. అక్కడికి ఆటోలో వెళ్లడంకన్నా ఆన్‌లైన్లో బుల్లి మగ్గం తెప్పించుకోవడమే మనకు తేలిక.

పాత రోజులన్నీ బంగారమని ఈ వ్యాసం అనదు. కాలవలో మునిగినవాళ్లున్నారు, చెట్టుమీంచి పడ్డవాళ్లున్నారు. అన్న బూర ఊదుతుంటే చెల్లి అంట్లు తోమిన ఇళ్లు బోలెడు. సరదా అందరికీ సమానంగా ఎప్పుడూ లేదు. ఇప్పుడు అమ్ముతున్న సరదాలోని అసలు అబద్ధం కూడా అక్కడే దొరుకుతుంది.

అది చూడాలంటే పూతరేకుల ఊరు ఆత్రేయపురం వెళ్లండి. బోర్లించిన కుండ కింద మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి పరిచి లాగితే కాగితంకన్నా సన్నటి రేకు లేస్తుంది. గుడ్డ లాగడం ఒక్క క్షణం ఆలస్యమైతే రేకు చెడుతుంది. సృజనా, ఏకాగ్రతా, వేళ్ల నైపుణ్యమూ కలిపి ఇంట్లోనే జరిగే పని ఇంతకన్నా ఏముంది? 2023లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ పొగలో కూర్చున్న ఆ అమ్మ చేసేది యాక్టివిటీ అని ఎవరూ అనరు. దాన్ని కూలి అంటారు.

రాజోలు దాటి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే వశిష్ట గోదావరి అవతల నరసాపురం. అక్కడ కథ ఇంకా చేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ ప్రాంతపు లేసు స్త్రీల గురించి 1982లో పుస్తకమే ప్రచురించింది. ఇంటి చాకిరీ కాక రోజూ గంటల తరబడి కుట్టే ఆడవాళ్లను, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగా జమకట్టారని ఆమె తేల్చింది. వాళ్లు కుట్టిన లేసు విదేశీ మార్కెట్లకు పోయింది. చేసేది పని కాదు, కాలక్షేపం అన్నాక ఇక కూలి గురించి బేరమేముంటుంది? 2024లో ఆ లేసుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు ఈ రెండు సరదాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పేదింటి అమ్మ లేసు అల్లే క్రోషే సూది పట్టుకుంటే దాన్ని సరదా అనేసి కూలి తగ్గించారు. ఉన్నవాళ్లింటి పిల్లకు అదే సూది, రెండు దారపు ఉండలు డబ్బాలో పెట్టి, సరదా అనేసి ధర పెంచారు. రెండు చోట్లా మాట ఒకటే, లాభం వ్యాపారిదే.

కనుక కొనేవాళ్లకో మనవి. పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తే కొబ్బరాకు వాళ్లే వెతుక్కుంటారు. మిగిలిన డబ్బుతో ఒక యాక్టివిటీ చెయ్యండి. మీ అమ్మాయి గంటసేపు క్రోషే ఆడుకోడానికి కిట్టుకు ఎంత కట్టారో, అంతా లేసు కుట్టే ఒక మనిషికి గంట కూలిగా ఇచ్చి చూడండి. చెయ్యి రాకపోతే, ఇన్నాళ్లూ ఎవరి సరదాకి ఎవరు ధర కడుతున్నారో మీకే అర్థమవుతుంది.