చిమచిమన్న పూటే నా పని

నేను అసైక్లోవిర్ క్రీము ట్యూబుని, 5 గ్రాముల దాన్ని. నాలో అసలు మందు నూటికి 5 పాళ్లే. రెంటచింతలలో ఒక రేకుల ఇంటి గూట్లో, దువ్వెనకీ కాటుక భరిణెకీ మధ్య, మూత లేకుండా పడి ఉండేదాన్ని.

నా మందు పుట్టింది 1970లలో, అమెరికాలోని బరోస్ వెల్‌కమ్ కంపెనీలో. అదెలా పనిచేస్తుందో తేల్చినవారిలో ముఖ్యురాలు గెర్‌ట్రూడ్ ఎలియన్. డాక్టరేటు చదువు పూర్తి చేయని ఆ మనిషికి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె పేరు తలుచుకుంటే నాకిప్పటికీ గర్వమే. మామూలు కణంలోకి వెళ్తే నేను దాదాపు ఊరికే ఉంటాను. హెర్పిస్ వైరస్ దూరిన కణంలో మాత్రం, ఆ వైరస్ తన కోసం చేసుకున్న ఎంజైమే నన్ను నిద్రలేపుతుంది. వైరస్ తన డీఎన్ఏకి నకళ్లు తీస్తుంటే మధ్యలో చొరబడి ఆ గొలుసు తెంపేస్తాను.

అందుకే నాకు తొలి పూట కావాలి. పొక్కు ఇంకా లేవదు, పెదవి అంచు చిమచిమలాడుతుంది. అప్పుడే మొదలుపెట్టి, మెలకువగా ఉన్నంతసేపు సుమారు 4 గంటలకోసారి, రోజుకు 5 సార్లు, 5 రోజులు రాయాలి. అలా రాసినా నేను తగ్గించేది అర రోజు, మహా అయితే ఒక రోజు బాధ. అంతకన్నా ఎక్కువ చేస్తానని ఎవరైనా చెబితే నమ్మకండి.

మిరప కోతలనాడు ఈ ఇంటి కోడలికి ఆ చిమచిమ వచ్చింది. "అత్తా, పెదవి మంటగా ఉంది" అంది. "కారం చెయ్యి తగిలుంటదిలేమ్మా, కొబ్బరినూనె రాసుకో" అంది అత్త. కాయ కోసే చేతులున్న ఊళ్లో ఆ మాట ఎవరైనా అంటారు. నా పూట అక్కడే దాటిపోయింది. మర్నాడు నీటిపొక్కులు గుత్తిగా లేచాయి. వేడి చేసిందని ఒకరు, పురుగు పాకిందని ఇంకొకరు. ఎవరో ఇచ్చిన స్టిరాయిడ్ క్రీము కూడా పూసింది. చర్మం పోరాడే బలాన్నే అణిచేసే మందది, పుండు మరింత ముదిరింది. చెక్కు కట్టాక నన్ను కొన్నారు. రెండుసార్లు రాసి, "దీంతో ఏం తగ్గలా" అని గూట్లోకి విసిరారు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

పుండు మానినా వైరస్ పోలేదు. చెవి దగ్గరి నాడీకణాల్లో దాక్కుంది. అక్కడికి నేను చేరలేను. ప్రపంచంలో 50 ఏళ్లలోపు వాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందిలో అది అలాగే ఉంది. జ్వరమో, అలసటో, ఎండో దాన్ని లేపుతుంది. ఎండ విషయంలో రెంటచింతలకు చెప్పేదేముంది! రాష్ట్రంలో ఎక్కువ వేడి ఎక్కడంటే ఏటా వినిపించే పేర్లలో ఇదొకటి. ఎండలోకి వెళ్లేటప్పుడు పెదవుల మీదికి కూడా తువ్వాలు చుట్టుకుంటే కొంత కాపుదల. నాకు ఆ కాపుదల కూడా లేదు. రేకుల కింద ఉడికిపోయి, మూతి దగ్గర మందు ఎండి గడ్డకట్టింది.

ఈ వేసవిలో కోడలికి మళ్లీ చిమచిమ. ఇంట్లో నెల నిండని మేనల్లుడున్నాడు. పొక్కు పెదవితో పసిబిడ్డని ముద్దుపెట్టుకుంటే ప్రాణం మీదికి రావచ్చు. ఆమె నన్ను గూట్లోంచి తీసి నొక్కుతుంటే, బిడ్డను చూడటానికొచ్చిన ఆశా వర్కర్ చెయ్యి పట్టుకుంది. "చెక్కు రాలి పూర్తిగా మానేదాకా బాబుకి ముద్దుల్లేవు. పొక్కు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కో. కంట్లో నలత అనిపిస్తే వెంటనే ఆసుపత్రికి పో. ఈ ట్యూబు పనికిరాదు, కొత్తది ఇప్పుడే తెప్పించు, ఒకరిది ఒకరు వాడొద్దు" అంది.

కోడలు వెంటనే భర్తను మందుల షాపుకి పంపింది. ముప్పావు వంతు మందు నాలోనే ఉండగా నన్ను చెత్తబుట్టలో వేసింది. అది సరైన పనే. పోయినేడు ఆ మొదటి పూట నన్ను తెచ్చుకోలేదన్నదే నా బాధ.