వంకర ప్లేటును వెనక్కి పంపకండి

కొత్త ఎల్పీని ప్లేయర్ మీద పెట్టారు. తిరుగుతుంటే అంచు ఒక పక్క లేస్తోంది. ముల్లున్న చెయ్యి దాంతోపాటు ఎక్కి దిగుతోంది. మీ చెయ్యేమో ఫోన్ మీదకు పోతుంది, షాపువాడికి చెబుదామని. చెప్పకండి.

నేను చెప్పాను. ఒకే రికార్డును మూడుసార్లు మార్పించాను. మొదటిది అంచు దగ్గర రెండు మిల్లీమీటర్లు లేచేది, అంతే. మూడోది పళ్లెంలా గుంటపడి వచ్చింది. ఆ మొదటిదాన్ని పంపేసినందుకు ఇప్పటికీ మనసు ఊరుకోదు. అచ్చులోంచి తీసినవి సరిగా చల్లారకముందే దొంతర పెడితే దొంతరంతా వంగొచ్చు. బదులుగా మీకొచ్చేది అందులోదే కావచ్చు.

సాపు చేసే ప్రయత్నమూ వద్దు. రెండు అద్దాల మధ్య పెట్టి ఎండలో ఉంచమనేవాళ్లున్నారు, ఓవెన్‌లో పెట్టమనేవాళ్లున్నారు. పాట ఉన్నది గాడి గోడల్లో. ఆ గాడి వెడల్పు తలవెంట్రుక మందానికి అటూ ఇటూ. ప్లేటు మెత్తబడే వేడికి ఆ గోడలు మాత్రం గట్టిగా ఉంటాయా? చదునైన ప్లేటు మిగులుతుంది, పాట చెడుతుంది.

ముల్లు ఎగరకుండా చేతిమీద రూపాయి బిళ్ల పెట్టడం పాత అలవాటు. అదీ మానండి. చెయ్యి బరువెక్కేకొద్దీ వంకరకు ఇంకా ఎక్కువ ఊగుతుంది. ముల్లు ప్లేటు మీద మోపే బరువును తయారీదారు చెప్పిన హద్దుల్లో పైహద్దుకు పెంచండి చాలు. ఆడియో-టెక్నికా విఎం95ఇ ముల్లు అయితే 1.8 నుంచి 2.2 గ్రాములు. 2.2 పెట్టండి.

ఇక అసలు సలహా. అంచు వంకరైతే మొదటి వారం మొదటి పాట వదిలేయండి. వంకర ఎక్కువగా ఉండేది అంచున, మొదటి పాట ఉండేదీ అక్కడే. రెండో పాట నుంచి వినండి. నిమిషానికి 33⅓ చుట్లంటే చుట్టుకు 1.8 సెకన్లు. నాలుగు నిమిషాల పాటలో ముల్లు ఆ మిట్టను 133 సార్లు ఎక్కుతుంది. అయినా వీణ ప్లేటైతే ఆ ఊగు గమకాల్లో కలిసిపోతుందని నా నమ్మకం. పియానోలో సాగే స్వరం, వెనక మోగే తంబుర మాత్రం దాన్ని దాచవు. అలాంటి ప్లేటైతే వంటచేస్తూ వినండి.

వారం తర్వాత దీపం ఆర్పి మొదటి పాట పెట్టండి. చెయ్యి ఎక్కి దిగడం కనబడకపోతే చెవికి సగం వంకర తెలియదు. నాకు తెలియలేదు.

ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి. అట్ట కవరు పైన బిగిసి ఉన్న ప్లాస్టిక్ పొర చించి పారేయండి. అది అంచులను ఇంకా లాగుతుంది. ప్లేటును నిలువుగా, ఎండ తగలని అలమరలో పెట్టండి. మే నెలలో తలుపులు మూసిన కారులో ఒక్క గంటైనా ఉంచకండి.