దూరదర్శనం గారు

మా ఓనరు గారి అసలు పేరు అద్దె కాగితం మీద ఉంది. మా ఇంట్లో మాత్రం ఆయన ‘దూరదర్శనం గారు’. ఇల్లు తెనాలిలో, ఆయన హైదరాబాదులో, కొడుకు ఫ్లాటులో పదకొండో అంతస్తు మీద. మధ్యన మూడొందల కిలోమీటర్లు. ఖజానా ఆఫీసులో ముప్ఫై మూడేళ్లు చేసి రిటైరైన మనిషి. తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూడనిదే మెట్టు దిగరు. అలాంటాయన తన ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి బస్సెక్కారంటే, ఆ రాత్రి కునుకు పట్టి ఉంటుందా?

వెనకటి ఓనరు పై వాటాలో ఉండేవాడు. కింద మనం గోడకి మేకు కొడితే పైనుంచి దగ్గేవాడు. ఇప్పుడు పై వాటా హైదరాబాదుకో, బెంగళూరుకో, డాలస్‌కో తరలిపోయింది. దగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు. అది అంత దూరం నుంచి దిగిరావడానికి వేసిన మెట్లే ఈ నిఘా కెమెరాలు.

దూరదర్శనం గారికీ ఒక కెమెరా కావాల్సొచ్చింది. చిక్కల్లా మా ఇంట్లో ఇంటర్నెట్ లేకపోవడం. “మీ ఫోన్లో ఉంటుందిగా మాస్టారూ, హాట్‌స్పాట్! బడికెళ్లేప్పుడు ఆ ఫోను కాస్త వసారాలో పెట్టి వెళ్తే సరిపాయె” అన్నారు. నా ఫోను ఆయన ఇంటికి కాపలా, నేను బళ్లో పిల్లలకి కాపలా. కుదరదన్నాను. నొచ్చుకున్నారు.

మొదట డీవీఆర్ పెట్టె వచ్చింది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. కెమెరా చూసిందల్లా హార్డ్ డిస్కులో దాచుకుంటుంది. నిండితే పాతది చెరిపేసి మళ్లీ మొదలెడుతుంది. అయితే దాచుకున్నది చూడాలంటే మనిషి రావాలి. పదిహేను రోజులకోసారి ఈయన బస్సు దిగి, మా ముందు గదిలో టీవీకి వైరు తగిలించి, దొంగలు రాని పదిహేను రోజులూ కళ్లారా చూసుకునేవారు. బొమ్మని పరుగెత్తిస్తే మా సంసారం గేటు దగ్గర గబగబా తిరుగుతూ ఉండేది. “మంగళవారం కూర ఎక్కువ కొన్నారే!” అని మా ఆవిడని మెచ్చుకునేవారు. రెండు కాఫీలు, ఒక భోజనం, మళ్లీ బస్సు. మూడు నెలలకి ఆయన నడుం పట్టేసింది, మాకు ఊపిరాడింది.

ఆ ఊపిరి మూన్నాళ్లే. సిమ్ము వేసుకునే 4జీ కెమెరా అని ఒకటుందని ఆయనకెవరో చెప్పారు. పైన సోలార్ పలక, లోపల బ్యాటరీ, పక్కన మెమరీ కార్డు. వైఫై వద్దు, కరెంటు వద్దు. గేటు స్తంభం మీద బిగించుకుంటే చాలు. బిగించడానికి వచ్చిన కుర్రాడు పలక దక్షిణం వైపు వాలి ఉండాలన్నాడు, ఎండ అటే ఎక్కువ గనక. దూరదర్శనం గారు ఫోన్లోంచే కేకేశారు: “మూడో కన్నంటే సాక్షాత్తు ఈశానుడిది. ఈశాన్యంలోనే ఉండాలి!” ఈశాన్యంలో బాదం చెట్టుంది. చెట్టు కింద సూర్యుడు లేడు. వాస్తు గెలిచింది, బ్యాటరీ ఓడింది. ప్రతి ముసురులోనూ మూడో కన్ను మూసుకునేది. కుర్చీ వేసుకుని ఆ పలక తుడిచే కొలువు నాకు దక్కింది.

సిమ్ములో రోజుకి ఒకటిన్నర జీబీ. బొమ్మ శుభ్రంగా రావాలంటే సెకనుకి రెండు మెగాబిట్లు పోతాయి, అంటే గంటకి సుమారు 0.9 జీబీ. ఖజానాలో అంత కాలం లెక్కలు చూసిన మనిషి ఈ లెక్క మాత్రం చూసుకోలేదు. పొద్దున్నే కాఫీతో కూర్చుని గేటు చూడటం మొదలుపెడితే గంటా నలభై నిమిషాల్లో ఆ రోజు డేటా చెల్లు. ఇక వేగం 64 కేబీపీఎస్. పాలబ్బాయి తల ముందు వచ్చేది, మొండెం తర్వాత వచ్చేది, క్యాను ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. మా వీధి దొంగలు ఎనిమిది లోపు పని ముగించుకోవడం వాళ్ల మర్యాద. రీచార్జి ఇరవై ఎనిమిది రోజులకోసారి గనక సంవత్సరానికి పదమూడు. “ప్రతి ఏడూ అధికమాసమే మాస్టారూ” అని ఆయనే వాపోయేవారు.

అప్పుడు కొడుకు సలహా ఇచ్చాడు: అదే పనిగా చూడకు నాన్నా, ఏదన్నా కదిలితే అదే పిలుస్తుంది. నిజమే, దానికి ఒంటి వేడిని పసిగట్టే సెన్సరుంది. పిల్లి, కుక్క, నేను, అందరం దానికి సమానం. “మాస్టారూ, మీ గేట్లో ఎవరో నాలుగు కాళ్ల మీద వచ్చారు” అని రాత్రి రెండింటికి ఫోను. తీరా రోహిణి కార్తెలో గోడ వేడీ మనిషి వేడీ ఒకటయ్యేసరికి, మిట్టమధ్యాహ్నం ఆ సెన్సరుకి మనుషులు ఆనడమే మానేశారు. ఎదురుగా నిలబడి చేతులూపినా పిలుపు పోలేదు. నా మూడేళ్ల కాపురంలో ప్రశాంతమైన రోజులేవంటే ఆ ఎండ దెబ్బ రోజులే.

రాత్రిళ్లు దాని చుట్టూ ఎర్రగా నలకల్లాంటి దీపాలు వెలిగేవి. వాటికి పురుగులు వచ్చేవి, పురుగుల కోసం సాలీడు వచ్చింది. వచ్చి అద్దం మీదే కాపురం పెట్టింది. నాలాగే, కాకపోతే అడ్వాన్సు ఇవ్వలేదు.

ఆ కెమెరాకి నోరు కూడా ఉంది. ఓసారి స్తంభంలోంచి “మోటారు ఆపండి, ట్యాంకు పొర్లుతోంది!” అని వినబడేసరికి పాలబ్బాయి క్యాను వదిలేశాడు. సంక్రాంతికి గంగిరెద్దుల వాడొచ్చి సన్నాయి ఊదుతుంటే స్తంభం గద్దించింది: “ఎవరయ్యా నువ్వు, ఎవరి తాలూకు?” అతను చుట్టూ చూసి బిక్కచచ్చిపోయాడు. ఎద్దు మాత్రం శ్రద్ధగా తలూపింది.

ఓరోజు ఆ కెమెరా బట్టలారేసే తాడు వైపు తిరిగింది. మా ఆవిడ ఓపిక అక్కడే తెగింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులతో చెప్పిందని నేను ఫోన్లో ఉపన్యాసం మొదలుపెట్టాను. “తొమ్మిది మందీ సొంతిళ్లలో ఉంటారు మాస్టారూ” అన్నారాయన. మా ఆవిడ కోర్టుల దాకా పోలేదు. పెద్ద బూడిద గుమ్మడికాయ తెచ్చి, పసుపు కుంకుమ పెట్టి, సరిగ్గా కెమెరా ముందు వేలాడదీసింది. “ఇంటికి దిష్టి తగులుతోంది అన్నయ్య గారూ, ఎక్కణ్నుంచో తెలీటం లేదు” అంది. ఈశానుడి పేరు చెప్పిన మనిషి గుమ్మడికాయ తియ్యమని ఎలా అంటారు? వారం రోజులు ఆయన ఫోన్లో గుమ్మడికాయ లైవ్. ఎనిమిదో రోజున కెమెరా గేటు వైపు తిరిగింది.

ఆఖరికి దొంగ రానే వచ్చాడు. కొబ్బరికాయలు, ఓ గెల. దూరదర్శనం గారు ఆనందమో బాధో తెలియని గొంతుతో దిగి, మెమరీ కార్డు పట్టుకుని నన్ను స్టేషనుకి లాక్కెళ్లారు. అంతకు ముందు ముసురుకి బ్యాటరీ అడుగంటి, ఎండ కాయగానే తిరిగి లేచింది. సిమ్ము గడువూ ఆ వారమే తీరింది. నెట్టు లేకపోతే దానికి టైమెవరు చెబుతారు? పుట్టినప్పుడు నేర్చుకున్న తేదీనే పట్టుకుంది. వీడియో మీద అంకెలు చూసి కానిస్టేబుల్ గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. 1970 జనవరి 1, ఉదయం ఐదున్నర.

“అప్పుడు తమరేం చేస్తున్నారండీ?”

“మూడో తరగతి” అన్నారు ఈయన నిజాయితీగా. ఆ కొబ్బరి చెట్టు 1988లో గృహప్రవేశానికి నాటింది. కాయలు పోయింది చెట్టు పుట్టకముందు పద్దెనిమిదేళ్ల కిందట. పైగా సాలీడు మొహం స్పష్టంగా ఉంది, దాని వెనక దొంగ మసగ్గా ఉన్నాడు.

ఆ తర్వాత మేం ఆ ఇల్లు ఖాళీ చేశాం. కొత్త ఇల్లు నాలుగు వీధుల అవతల, ఓనరు పై వాటాలోనే ఉంటాడు, దగ్గుతాడు. రెండు నెలలకి పాత నంబరు నుంచి ఫోను. “ఎవరూ చేరలేదు మాస్టారూ. పిలుపులూ లేవు. అసలది పని చేస్తోందో లేదో! ఒక్కసారి అటెళ్లి గేటు ముందు అటూ ఇటూ తిరుగుతారా?”

ఆదివారం వెళ్లి తిరిగాను. స్తంభం గొంతు సవరించుకుంది.

“కనబడ్డారు మాస్టారూ! కాస్త చిక్కారు. చెల్లెమ్మ బావుందా? ఎలాగూ వచ్చారు గనక, ఆ అద్దం మీద సాలెగూడు...”

జేబురుమాలు తీసి తుడిచాను. అవతల కాసేపు మాట లేదు.

“ఇప్పుడొక్క రెండడుగులు పక్కకి జరగండి. మా నందివర్ధనం చెట్టుకి అడ్డమొస్తున్నారు.”