నెల్సన్ మత్స్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: "మా ఫైటర్ చేపకి నెల్సన్ అని పేరు పెట్టాం."

విశాఖపట్నంలో ఒక ఫ్లాటు హాల్లో, టీవీ పక్కనున్న గాజు తొట్టి చూపిస్తూ ఏడో తరగతి కుర్రాడు పలికిన వాక్యమిది. చిన్నదే. పూర్వులు ఇంతకన్నా చిన్నవాటి మీద ఉద్గ్రంథాలు రాశారు.

టీక: మా = కుక్కలు పెంచరాదని అపార్ట్‌మెంటు అసోసియేషన్ తీర్మానించగా చేపతో సరిపెట్టుకున్న మేము; ఫైటర్ చేప = థాయిలాండ్ ప్రాంతపు నీళ్లలో పుట్టి, అద్దంలో తన నీడ కనబడినా కయ్యానికి కాలుదువ్వే మగ బెట్టా; కి = అది అడక్కపోయినా; నెల్సన్ = 1805 అక్టోబరు 21న ట్రఫాల్గర్ దగ్గర ఫ్రెంచి, స్పెయిన్ నౌకాదళాల మీద గెలిచి, ఆ పోరులోనే ప్రాణం విడిచిన బ్రిటిష్ వైస్ అడ్మిరల్; పేరు పెట్టాం = 'చిన్నూ' అంటే పోదా అని నాయనమ్మ అన్నా వినలేదు.

తాత్పర్యం: ఇంట్లో ఒక చేప ఉంది. దానికో పేరుంది. పిలిస్తే పలకదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ. అంతటి వీరుడి పేరు గుప్పెడు నీళ్లలో ఈదే ప్రాణికా? అపచారం కాదా? కాదు. ముందు చేపల పేర్లు ఎత్తుకుపోయింది నౌకాదళాలే. 1967లో మన నౌకాదళంలో చేరిన తొలి జలాంతర్గామి 'కల్వరి'ది సొరచేప పేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా తన జలాంతర్గాములకు వరసబెట్టి చేపల పేర్లే పెట్టింది. 1971 డిసెంబరు తొలి రోజుల్లో ఇదే విశాఖ తీరాన మునిగిన పాకిస్తాన్ 'ఘాజీ' కూడా పూర్వాశ్రమంలో అమెరికావారి 'డయాబ్లో', టెంచ్ తరగతిది. టెంచ్ యూరప్ మంచినీటి చేప. ఇంత బాకీ ఉండగా ఒక్క అడ్మిరల్ పేరు తిరిగిస్తే వడ్డీకైనా చాలదు.

నెల్సన్ సొంత ఖాతాలోనూ బాకీ ఉంది. పదిహేనేళ్లప్పుడు, 1773లో, అతను తూర్పు దేశాలకు బయల్దేరిన ఓడ పేరు 'సీహార్స్'. పేరుకు గుర్రం, జాతికి చేప. ఆ ఓడ మరుసటేడు మద్రాసు చేరింది. తర్వాత మలేరియాతో చిక్కి శల్యమైన కుర్రవాణ్ని 1776లో ఇంటికి చేర్చింది 'డాల్ఫిన్'. (డాల్ఫిన్ చేప కాదు. ఆ దోషం ఓడకు పేరు పెట్టినవారిది.) ఇంతటి నావికుడికీ సముద్రం పడేది కాదు, కడుపులో తిప్పడం జీవితాంతం వదల్లేదు. ఈ ఒక్క విషయంలో చేపదే పైచేయి.

పాఠాంతరం: కుర్రాడి అక్క 'ముల్లా' అందట. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా 1971 డిసెంబరు 9న మన యుద్ధనౌక 'ఖుక్రీ' మునుగుతున్నా ఓడ విడవలేదు. ఆ రాత్రి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఈ పాఠం గ్రాహ్యం కాదు. ఆ ఇళ్లలో ఇంకా దండ వేసిన ఫొటోలున్నాయి. సరదాకి వాడుకునే పేరు కాదది.

నెల్సన్‌ని సొంత దేశస్థులే ఎప్పుడో ఆటలోకి దింపారు. క్రికెట్లో 111 పరుగులకు 'నెల్సన్' అని పేరు, ఆ స్కోరు దగ్గర అంపైర్ డేవిడ్ షెపర్డ్ ఒంటికాలిమీద గెంతేవాడు. ఒక కన్ను, ఒక చెయ్యి, ఒక కాలు అని దానికి లెక్క చెబుతారు. 1794లో కోర్సికాలోని కాల్వి దగ్గర కుడికంటి చూపు, 1797లో టెనెరిఫ్‌లో కుడిచెయ్యి పోయిన మాట నిజమే. కాళ్లు మాత్రం చివరిదాకా రెండూ ఉన్నాయి. చేపకు అసలు కాళ్లే లేవు గనుక ఈ తగాదా తొట్టిలోకి రాదు.

విశేషం: ట్రఫాల్గర్ నాడు నెల్సన్ బిరుదు నక్షత్రాలు కుట్టిన కోటుతోనే డెక్కుమీద తిరిగాడు. ఫ్రెంచి ఓడ తెరచాప కొయ్య మీంచి ఒకడు గురిచూసి పేల్చాడు. మన మత్స్యానిదీ అదే తీరు. పొద్దున్నే మేత వేస్తుంటే పైకొచ్చి ఒక గుక్క గాలి మింగుతుంది, స్టీలు చెంచాలో ఎవడో కనబడగానే ఎరుపూ నీలం రెక్కలు బారచాపి, మొప్పలు ఉబ్బించి, మేత సంగతే మరిచిపోతుంది.

నిషేధం: రెండో మగ చేపను కొంటే 'హార్డీ' అనరాదు. హార్డీ 'విక్టరీ' కెప్టెన్, చివరి ఘడియల్లో నెల్సన్ పక్కనున్న మిత్రుడు. రెండు మగ బెట్టాలు ఒక్క తొట్టిలో పడితే ఆ మైత్రి పూట కూడా నిలవదు. కొత్త చేపకు ట్రఫాల్గర్లో ఓడి పట్టుబడిన ఫ్రెంచి అడ్మిరల్ విల్నవ్ పేరు పెట్టి, వేరే సీసాలో ఉంచి, మధ్యన అట్టముక్క నిలబెట్టాలి. చుట్టాల పిల్లలొస్తే ఆ అట్టకు ఎవరు కాపలా ఉండాలో మూలకారుడు చెప్పలేదు.