ముందుగాల మంచిగనే ఉండె: టీకా తాత్పర్య సహితం

మూలం:

అన్నా, కొత్త కార్డు ఏసిన సంది ఆట వెట్టంగనే సిస్టం బందైతాంది. ముందుగాల మంచిగనే ఉండె. కార్డే ఖరాబున్నట్టున్నది.

అవతారిక: ఈ వాక్యత్రయానికి కర్త ఎవరో తెలియదు. కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్ ఎక్కడి కంప్యూటర్ దుకాణంలో కాసేపు నిలబడ్డా వినబడుతుంది. 'ఆట' అన్నచోట 'గేమ్' అని కొన్ని ప్రతుల్లో ఉంది, అర్థభేదం లేదు. ఈ సీమకు మూలాల కొరత ఏనాడూ లేదు. గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట మీద పదో శతాబ్దంలోనే పంపకవి తమ్ముడు జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం చెక్కించాడు. అందులో తెలుగు వంతుకు మూడు కందపద్యాలు వచ్చాయి. వ్యాఖ్యాతలకూ కొరత లేదు. మల్లినాథసూరిది పొరుగునే, మెదక్ దగ్గరి కొల్చారం. ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ టీక అందులో మొదటి సగాన్ని నిష్ఠగా పాటిస్తుంది.

ప్రతిపదార్థం: అన్నా = ఓ దుకాణదారుడా (వయసుతో నిమిత్తం లేదు; యాభై ఏళ్లవాడు పాతికేళ్లవాణ్ని పిలిచినా ఇదే పిలుపు; రేటు జర చూసి వేయమనడం ఇందులో ధ్వని); కొత్త కార్డు = నూతన గ్రాఫిక్స్ కార్డును; ఏసిన సంది = అమర్చినది మొదలుకొని; ఆట = క్రీడను; వెట్టంగనే = ఆరంభించిన వెంటనే; సిస్టం = యంత్రము; బందైతాంది = ఇక్కడ కొంచెం ఆగాలి.

బందుకు నిఘంటువులో అర్థం ఒకటే, దుకాణంలో నాలుగు. యంత్రం మొత్తం ఠక్కున ఆరిపోయి, ఒక్కోసారి దానంతటదే మళ్లీ లేవడం మొదటి రకం. తెర ఒక్క క్షణం నల్లబడి, ఆట ఎగిరిపోయి, డెస్క్‌టాప్ మాత్రం ఏమీ ఎరగనట్టు ప్రత్యక్షం కావడం రెండోది. నీలితెర మూడోది. బొమ్మ బిగుసుకుపోయి, పేలిన తుపాకి మోతే ఆగకుండా 'ర్ర్‌ర్ర్' అంటూ వినబడటం నాలుగోది. మొదటిదైతే ముందు కరెంటును అనుమానించాలి, రెండోదైతే డ్రైవర్‌ను, మూడోదైతే డ్రైవర్‌నో ర్యామ్‌నో. నాలుగోది పడితే ఎవరినైనా అనుమానించవచ్చు. 'బందంటే ఎట్ల బందైతాంది తమ్మీ?' అని అడగకుండానే స్క్రూడ్రైవర్ అందుకునేవాడు అన్వయం కుదరకుండానే తాత్పర్యం రాసేసే పండితుడు.

ఇక్కడ విండోస్ తానే ఒక శాసనం చెక్కి పెడుతుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కనబడుతుంది. 'కెర్నల్ పవర్ 41' అన్న పంక్తి చూడగానే చాలామంది, అందులో పవర్ ఉంది గనుక కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్ పోయిందని తీర్పు చెప్పేస్తారు. అది తొందరపాటు. యంత్రం పద్ధతిగా మూతపడకుండా మళ్లీ మొదలైందని మాత్రమే ఆ పంక్తికి అర్థం. ఎందుకో అది చెప్పదు. నీలితెర పడ్డా, ఎవరో ప్లగ్గు పీకినా రాసేది అదే. 4101 అన్న సంఖ్య కాస్త నయం: డిస్‌ప్లే డ్రైవర్ పలకడం మానేసి తిరిగి కోలుకుందని దాని భావం. మామూలుగా విండోస్ రెండు సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పటికీ కార్డు నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే డ్రైవర్‌ను తట్టి లేపుతుంది. ఆట చచ్చేది ఆ తట్టుడుకే.

రెండో వాక్యం: ముందుగాల మంచిగనే ఉండె. ఈ గ్రంథానికి ప్రాణమంతా ఇందులోనే ఉంది. పూర్వపక్షి వాదన ఇది: కార్డు ఉంటే బందవుతోంది, పాత కార్డు పెడితే బందు కావడం లేదు, అన్వయ వ్యతిరేకాలు రెండూ కుదిరాయి, కనుక దోషం కార్డుదే. వినడానికి తిరుగులేనట్టే ఉంటుంది. సిద్ధాంతి మాత్రం ఉపాధి చూడమంటాడు, అంటే కారణం పక్కన నక్కి కూర్చున్న ఇంకో షరతు. దీనికి నిదర్శనం తర్కశాస్త్రంలో వెతకనక్కరలేదు, పొలానికి పోతే చాలు. ఉన్న బాయి మోటర్లకే మూలుగుతున్న ట్రాన్స్‌ఫార్మర్ మీదికి ఇంకో ఏడున్నర హెచ్‌పీ మోటరు ఎక్కిందంటే, స్టార్టర్ నొక్కిన క్షణాన ఫ్యూజు ఎగురుతుంది. మోటరు నడిచేటప్పటి కంటే లేచేటప్పుడు ఎన్నో రెట్ల కరెంటు గుంజుతుంది. అక్కడ ఏ రైతూ మోటరు ఖరాబని వాపసు తీసుకుపోడు. లైన్‌మన్‌కు ఫోన్ చేస్తాడు.

కార్డు సంగతీ అంతే. పాతది జీటీఎక్స్ 1650 అనుకుందాం. దాని ఆకలి 75 వాట్లు. మదర్‌బోర్డు స్లాటు పెట్టగలిగిన భోజనమూ సరిగ్గా 75 వాట్లే కాబట్టి చాలా మోడళ్లకు వేరే వైరు కూడా అక్కరలేదు. దాని స్థానంలోకి ఆర్‌టీఎక్స్ 3070 వచ్చింది. దానికి 220 వాట్లు కావాలి. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టుకొమ్మని కంపెనీయే రాసింది. 'అన్నా' అని పిలిచిన మన కుర్రవాడి ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చింది. దాని మీద 450 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పక్క మూత విప్పి, టార్చి వేసి, ఆ స్టిక్కరులోని సన్నక్షరాలు చదవాలి. +12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లని ఉంటే, రెండూ గుణిస్తే 216. కార్డు ఒక్కదానికే చాలదు. ప్రాసెసర్ ఇంకా ఆకు ముందు కూర్చోనే లేదు. రామగుండం థర్మల్ కేంద్రం పక్క జిల్లాలోనే 2,600 మెగావాట్లు పుట్టిస్తే మాత్రం ఏం లాభం? కార్డుకు దక్కేది ఆ 216 లోంచే.

సరాసరి లెక్క సరిపోయినా చాలదు. ఈ కార్డులు కొన్ని మైక్రోసెకన్ల పాటు తమ కోటాకు రెండింతల దాకా గుంజుతాయి. బలహీనమైన ఎస్‌ఎంపీఎస్ దాన్ని షార్ట్ సర్క్యూట్ అనుకుని తనను తాను ఆర్పేసుకుంటుంది. అందుకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, 100 మైక్రోసెకన్ల పాటు రెట్టింపు భారాన్ని ఓర్చుకోవాలని నియమం పెట్టింది. కార్డుకు రెండు ఎనిమిది పిన్నుల మూతులుంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరువేరు వైర్లు లాగాలి. ఒకే వైరుకున్న రెండు తలలు తగిలించి చేతులు దులుపుకోవద్దు. మూలకారుడు ప్రస్తావించని పాత్ర ఇంకొకటుంది: టేబుల్ కింది 600 వీఏ యూపీఎస్. దాని అసలు శక్తి సుమారు 360 వాట్లు. ఆట మధ్యలో అది కీచుమన్నదంటే నేరం ఒప్పుకుంటున్నట్టే.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెబుతాను. ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి అదే ఆట గంటసేపు ఆడించండి. బందు కాకపోతే తీగ దొరికినట్టే, ఎస్‌ఎంపీఎస్ వైపు లాగండి. పాత కార్డు పెట్టి చూస్తే తేలేదేమీ లేదు. అది పాత మోటరు.

ప్రక్షిప్త విచారం: పాత డ్రైవర్ తాలూకు తునకలు కొత్తదానిలో కలిసిపోవడం ప్రక్షిప్తం. ఏఎండీ కార్డు తీసి ఎన్విడియా కార్డు పెట్టినవారికి ఇది మరీ ఎక్కువ. సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే పరిష్కర్త చేత పాతదంతా కడిగించి, తర్వాత శుద్ధప్రతి ఎక్కించాలి. అన్నిటికంటే కొత్త పాఠమే అన్నిటికంటే మంచి పాఠమని కూడా లేదు. కొత్త డ్రైవర్‌తో తంటా వస్తే దాని ముందరి ప్రతికి వెళ్లడం పరువు తక్కువ పని కాదు.

అలాగని కార్డుది ఎప్పుడూ తప్పే ఉండదనుకోవద్దు. 2020 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 3080 బజారుకొచ్చిన వారం పది రోజుల్లోనే, వేగం 2,000 మెగాహెర్ట్జ్ దాటగానే ఆటలు కూలుతున్నాయని లోకమంతా గోల పుట్టింది. చిప్పు వెనక అతికించిన కెపాసిటర్ల రకమే కారణమని ఒక వర్గం, కాదని ఒక వర్గం భాష్యాలు రాసుకున్నాయి. అదే నెలాఖరుకు 456.55 డ్రైవర్ వచ్చి చాలామందికి ఉపశమనం ఇచ్చింది. కెపాసిటర్ల పండితులు మాత్రం ఇప్పటికీ శాంతించలేదు.

అలంకార విశేషం: కొన్ని ఆటలు కూలుతూ 'వీడియో మెమరీ చాలడం లేదు' అని రాస్తాయి. కార్డులో 16 జీబీ ఉండగా వాచ్యార్థం పొసగదు. పొసగనప్పుడు లక్షణకు పోవాలి. ధర్మపురి గోదావరిలో ఉందంటే నీళ్లలో మునిగి ఉందని కాదు, ఒడ్డున ఉందనే కదా. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల విషయంలో జరిగింది ఇదే. మెమరీ లేదన్న నింద కార్డు మీద పడింది, దోషం ప్రాసెసర్‌ది. మైక్రోకోడ్ తప్పువల్ల అది అవసరాన్ని మించి వోల్టేజీ అడుగుతోందని 2024 జులైలో ఇంటెలే ఒప్పుకుంది. ఆగస్టు నుంచి బయోస్ అప్‌డేట్లు వచ్చాయి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయదు. మెమరీ చాలడం లేదన్న మాట నమ్మి ఇంకా పెద్ద కార్డు కొన్నవాళ్ల సంగతి తలచుకుంటే వ్యాఖ్యాతకే కళ్లు చెమర్చుతాయి.

వేడి గురించి ఒక్కమాట. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు వింత కాదు. కానీ వేడెక్కిన కార్డు ముందు నెమ్మదిస్తుంది, కూలడం తర్వాతి సంగతి. దుమ్ము స్థలాన్ని బట్టి మారుతుంది: కరీంనగర్ చుట్టూ గ్రానైట్ పొడి, గోదావరిఖనిలో బొగ్గు, ఆదిలాబాద్‌లో జిన్నింగ్ సీజన్ పత్తి నూగు. మూడింటిలో ఫ్యాన్ రెక్కలకు పట్టి వదలనిది పత్తే.

మూడో వాక్యం: కార్డే ఖరాబున్నట్టున్నది. ఇక్కడ 'ట్టు' ప్రయోగం వల్ల కుర్రవాడికి ఇంకా సందేహం మిగిలి ఉందని తెలుస్తోంది. దుకాణదారుడు దాన్ని గౌరవించాలి. అదే కార్డును మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న ఇంకో యంత్రంలో, శుద్ధమైన డ్రైవర్‌తో నడపాలి. అక్కడా అట్లాగే కూలితే అప్పుడు ఖరాబు నిజం. బిల్లు, డబ్బా, సీరియల్ నంబరు ఉంటే వారంటీకి పంపవచ్చు. క్రిప్టో నాణెం ఎథీరియం 2022 సెప్టెంబరు 15న కార్డులతో నాణేలు తవ్వుకునే పద్ధతికి స్వస్తి చెప్పాక, రాత్రింబవళ్లు చాకిరీ చేసిన కార్డులు సెకండ్‌హ్యాండ్ సంతకు తండోపతండాలుగా వచ్చిపడ్డాయి. వాటిలో ఒకటి బిల్లు లేకుండా కొని, ఈ మూలాన్ని పట్టుకుని వచ్చినవారికి దుకాణదారుడు ఇచ్చే సమాధానం పరిష్కృత ప్రతుల్లో ముద్రించడానికి వీలుపడలేదు.