కావలెను: నోరు విప్పని ఇంగ్లిష్ మాస్టారు

ఇంగ్లిష్ టీచరు కావాలనుకుంటున్నారా? శుభం. ఏ పీజీ చదవాలో, ఎక్కడ చదవాలో తర్వాత చూద్దాం. ముందు ఒక శుభవార్త వినండి. ఉద్యోగం చేతికొచ్చేదాకా మీరు నోరు విప్పక్కర్లేదు.

నమ్మరా? ఆంధ్రప్రదేశ్ 2025 మెగా డీఎస్సీ చూడండి. 16,347 పోస్టులు. ఊరూరా సంబరం. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టుకు పరీక్ష కంప్యూటర్ ముందు. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కాలి. పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20. వెరసి నూరు. అందులో మాట్లాడటానికి ఎన్ని? సున్నా. పాఠం చెప్పి చూపించడానికి? అదీ సున్నాయే. ఇంటర్వ్యూ? లేదు. (పెడితే అక్కడో దుకాణం తెరుస్తారని భయం. భయం నిజమే. అది ఇంకో వ్యాసం.) పిల్లల చేత మాట్లాడించాల్సిన మనిషి గొంతు ఒక్కసారి కూడా వినకుండా జీవితకాలపు ఉద్యోగం చేతిలో పెడుతున్నాం. మౌసు మాత్రం బ్రహ్మాండంగా నొక్కాడట!

ఇంగ్లిష్ మీద ప్రేమ లేక ఇలా చేస్తున్నారా? అయ్యో, ప్రేమకేం తక్కువ? 2019 నవంబరులో జీవో 81. అదే నెలలో దాన్ని సవరిస్తూ జీవో 85. వచ్చే ఏడాది నుంచే ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం అన్నారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. ఆగారా? ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ అచ్చేసిన పుస్తకాలు దింపారు. 2021-22 నుంచి డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లిష్ మీడియం చేశారు. 2022 డిసెంబరు 21న అప్పటి ముఖ్యమంత్రి గారి పుట్టినరోజు కానుకగా ఎనిమిదో తరగతి పిల్లల చేతుల్లో ట్యాబులు పెట్టారు, ట్యాబుల్లో బైజూస్ పాఠాలు పెట్టారు. 2023 జూన్‌లో అమెరికా నుంచి ఈటీఎస్ అనే పరీక్షల సంస్థను పిలిచి మూడో తరగతి పిల్లాడికి టోఫెల్ అన్నారు. అమ్మ ఒడి వదిలి మూడేళ్లు కాని పసివాడికి టోఫెల్! 2024 జనవరిలో ఐబీ, అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్‌తో ఒప్పందం. అది జెనీవా సరుకు.

2024లో ప్రభుత్వం మారింది. టోఫెల్ పోయింది. బైజూస్ దివాలా కేసులో పడింది. వచ్చిన దొరలంతా వచ్చినట్టే వెళ్లారు. పాత ప్రభుత్వం తెచ్చింది కాబట్టి తీసేశాం అన్నవాళ్లు, దాని బదులు ఏం పెట్టారో చెప్పారా? ఇన్ని ఒప్పందాల్లో, ఇన్ని రద్దుల్లో ఎవరూ వెతకని మనిషి ఒక్కడున్నాడు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడికి ఇంగ్లిష్ ఎలా చెప్పాలో పద్ధతిగా చదువుకున్న పంతులు. అతగాడు ఎక్కడ తయారవుతాడో, ఏం చదివితే తయారవుతాడో ఏ జీవోలోనూ లేదు.

దుర్గిలోనో, పెదకూరపాడులోనో మిరప చేలో కాయ కోసే తల్లి తన బిడ్డకు ఇంగ్లిష్ రావాలంటే తప్పుపట్టే వీరులు మనలో చాలామంది. వాళ్ల మనవళ్లు డాలస్‌లో ఉంటారు. తెలుగు మీద ప్రేమతో వాళ్లు కన్నీళ్లు పెట్టుకునేది ఫిబ్రవరి 21న, ఆగస్టు 29న మాత్రమే. ఆ తల్లి అడిగింది న్యాయం. ఇస్తామన్నవాళ్లు ఇచ్చింది బోర్డు. నిన్నటిదాకా తెలుగులో రాసిన స్కూలు పేరును ఇంగ్లిష్‌లో రాశారు. పెయింటు ఖర్చు అయింది.

లోపల ఏం జరుగుతోంది? ఏ హైస్కూలుకైనా వెళ్లి వెనక బెంచీలో కూర్చోండి. టీచరు ఒక వాక్యం చదువుతారు. తెలుగులో అర్థం చెబుతారు. ఇంకో వాక్యం. ఇంకో అర్థం. పాఠం అయ్యాక బోర్డు మీద ప్రశ్నలు, కింద జవాబులు. పిల్లలు దించుకుంటారు. పిల్లాడు గడగడా చదువుతాడు, చూడకుండా రాస్తాడు, పదికి తొమ్మిది తెచ్చుకుంటాడు. బయటికొచ్చాక నీ పేరేంటని ఇంగ్లిష్‌లో అడిగితే నేల చూస్తాడు. ఆ టీచరును తిడదామా? ఆయనకు నేర్పింది అదే. ఆయనకు చెప్పిన మాస్టారికి నేర్పిందీ అదే. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరులో అడుగుపెట్టాడు. 1885లో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ వచ్చింది. ఇంగ్లిష్ ఈ గడ్డకు నిన్నగాక మొన్న దిగలేదు. మరి చెప్పే పద్ధతి ఎందుకు దిగలేదు?

ఇక చదువు సంగతి. ఇంగ్లిష్ సాహిత్యం చదవడం వేరు, ఇంగ్లిష్ చెప్పడం నేర్చుకోవడం వేరు. మొదటిదాంట్లో ఛాసర్ ఉంటాడు, మిల్టన్ ఉంటాడు, ఎలియట్ ఉంటాడు. రెండోదాంట్లో అరవైమంది పిల్లలుంటారు. వాళ్లలో పదిమందికి అక్షరాలే రావు, పదిమంది ఇప్పటికే విసుగెత్తిపోయి ఉంటారు. ఏ తప్పు అప్పటికప్పుడు దిద్దాలి, ఏ తప్పు వదిలేయాలి? తెలుగు ఎంత వాడాలి, ఎప్పుడు ఆపాలి? మాట్లాడటాన్ని ఎలా పరీక్షించాలి? దీనికి ప్రపంచమంతా పీజీలున్నాయి. మన దగ్గర ఎంఏ ఇంగ్లిష్ అంటే ఇప్పటికీ మొదటిదే. బోధన మహా అయితే ఒక పేపరు. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే రాయాల్సిన నెట్ సిలబస్ చూడండి. పది యూనిట్లు. భాషాబోధన అనే ముక్క అందులో ఒకే యూనిట్‌లో, అదీ భాషాశాస్త్రంతో గది పంచుకుని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటుంది. మిల్టన్ మీద మాకు కోపం లేదు. కానీ మాచర్ల కుర్రాడి గొంతులో మాట పెగలాలంటే మిల్టన్ ఏం చేస్తాడు పాపం?

అసలైన చోట్లు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్‌లో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. అదే సీఫెల్ అయింది. 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్ర విశ్వవిద్యాలయమైంది. అది పుట్టిందే ఇంగ్లిష్ చెప్పేవాళ్లను తయారు చేయడానికి. దూరవిద్యలో కూడా బోధన డిప్లొమా ఇస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ భాషా అధ్యయనాలకు విడిగా కేంద్రం ఉంది. దక్షిణాది టీచర్ల శిక్షణ కోసం 1963 నుంచీ బెంగళూరులో ప్రాంతీయ ఇంగ్లిష్ సంస్థ ఉంది. కష్టపడి, ఇంట్లో ఒప్పించి, హాస్టల్లో ఉండి ఇఫ్లూలో చదివొచ్చిన అమ్మాయికి మన డీఎస్సీ ఎన్ని మార్కులు కలుపుతుంది? పైన లెక్క మళ్లీ చూడండి. 80, 20. కలపడానికి జాగా ఎక్కడుంది? తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ తేడా చూడని చోట, తెలుసుకోవడానికి ఇఫ్లూ ఉన్న తార్నాక దాకా రైలెక్కేదెవరు?

అసలు డిగ్రీని విప్పి చూసేవాళ్లే లేరు. సరుకును విప్పి చూడటం ఎలాగో తెలియాలంటే గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లండి. ఆసియాలోకెల్లా పెద్దదని మనం మురిసిపోయే యార్డు. తేజ బస్తా దించగానే చెయ్యి లోపలికి పోతుంది. కాయ విరిచి చూస్తారు. రంగు చూస్తారు, తేమ చూస్తారు, తాలు ఏరి పక్కన పెడతారు, ధర కోస్తారు. పత్తిదీ అదే కథ. తేమ 8 శాతం దాటితే పత్తి కొనే సీసీఐ డబ్బు కోస్తుంది, 12 దాటితే బండి వెనక్కి. రైతు ఆరుగాలం కష్టపడి తెచ్చిన సరుకుకు ఇన్ని పరీక్షలు. పిల్లల నెత్తిన పెట్టే డిగ్రీకి? ముద్ర ఉందా, ఉంది. పాస్.

ప్రైవేటు కాలేజీ అయితే ఇంకా సుఖం. తనిఖీ ఉన్న రోజు మాత్రం చీర కట్టుకుని రండి మేడమ్ అంటారు. సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉంటాయి. కాగితం మీద జీతం ఘనంగా ఉంటుంది. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంటుందో అడక్కండి.

విదేశం పోదామా? కన్సల్టెన్సీ గుమ్మం తొక్కండి. ఇంగ్లిష్ బోధనలో మాస్టర్స్ అనగానే కుర్చీలో మనిషి జాలిగా చూస్తాడు. ‘అది స్టెమ్ కాదు కదమ్మా.’ అంటే సైన్సు, ఇంజినీరింగ్ కోవలోది కాదు. చదువయ్యాక అమెరికాలో పనిచేసుకోవడానికి ఏడాదే. స్టెమ్ అయితే ఇంకో 24 నెలలు. ఏం చదువుతావు అని కాదు, ఎన్ని నెలలు ఉంటావు అన్నదే లెక్క. ఆ లెక్కతోనే 2011లో ట్రైవ్యాలీ అనే బోగస్ యూనివర్సిటీలో దొరికిపోయి మన పిల్లలు కాళ్లకు రేడియో కాలర్లు కట్టించుకున్నారు. 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. అక్కడ పాఠాల్లేవు, పంతుళ్లు లేరు, ఫీజు మాత్రం ఉంది. అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే పెట్టిన బోగస్ యూనివర్సిటీ అది. తెలిసి చేరారా, తెలియక చేరారా అని అక్కడ పెద్ద వాదనే నడిచింది. అమెరికావాళ్లకు ఇంత చిన్న సంగతి తెలియదా? పంతులు లేని కాలేజీని చూసి మన పిల్లాడికి అనుమానం ఎలా వస్తుంది? వాడు పెరిగిందే అలాంటి కాలేజీల మధ్య.

ఇంట్లో కూర్చునే టీచరైపోయే దారి కూడా ఉంది. 120 గంటల టీసోల్ సర్టిఫికెట్, ఫోన్‌లోనే, ఈ వారం సగం ధర. నిజమైన పిల్లలు? అక్కర్లేదు. కేంబ్రిడ్జి వాళ్ల సెల్టా కోర్సులో అయితే నేర్చుకునేవాళ్ల ముందు నిలబడి ఆరు గంటలు పాఠం చెప్పాలి. వెనక ఒకరు కూర్చుని ప్రతి తప్పూ రాసుకుంటారు. అబ్బో, అంత అవమానం ఎవరు పడతారు!

మన బీఈడీలో ఆ ఏర్పాటు లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2015 నుంచి కోర్సు రెండేళ్లు. బళ్లో ఇరవై వారాలు ఉండి తీరాలని టీచరు చదువులను నియంత్రించే ఎన్‌సీటీఈ నిబంధన. అది అమలైందా? రికార్డులో అమలైంది. ఆ రికార్డు ఎవరు రాశారు? డబ్బులిస్తే రాసిపెట్టేవాళ్లున్నారు. చేతిరాత కూడా మీకు నచ్చినట్టు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పేరు రాయించుకుని, పరీక్షలకు మాత్రం ఒడిశా నుంచి రైలెక్కి వచ్చే విద్యార్థుల కథలు పత్రికలకెక్కాయి. 2025 మార్చిలో నాగార్జున విశ్వవిద్యాలయం బీఈడీ మొదటి సెమిస్టర్ పేపరు పరీక్షకు ముందే బయటికొచ్చింది. ఆ పరీక్ష రద్దు చేశారు. పేపరు దేనిదో తెలుసా? పిల్లల ఎదుగుదల మీద. చదివి ఉంటే కదా, అందులో ఏముందో తెలిసేది.

అయినా ఒకమ్మాయి ధైర్యం చేసిందనుకుందాం. చిలకలూరిపేట పిల్ల. తండ్రిది రెండెకరాల పత్తి. ఆ పిల్ల అడ్మిషన్ కౌంటర్ ముందు నిలబడి అడుగుతుంది. ‘సార్, ఇంగ్లిష్ మెథడాలజీ ఎవరు చెబుతారు?’ ‘ఉన్నారమ్మా, వస్తారు.’ ‘మేం బడికి వెళ్లి పాఠం చెప్పేటప్పుడు వెనక ఎవరైనా కూర్చుంటారా సార్?’ ‘ఎందుకమ్మా, నీకు భయమా? ఎవరూ రారులే.’ ‘మాట్లాడటం ఎలా పరీక్షించాలో నేర్పుతారా?’ క్లర్కు తలెత్తి తండ్రిని చూస్తాడు. ఈ పిల్ల ఎక్కడ దొరికిందయ్యా అన్నట్టు. ‘బాబాయ్, హాజరు కావాలా, వద్దా? దాన్నిబట్టి ఫీజు.’

విన్నారా? రెండు రేట్లు. వచ్చి చదివితే ఒక రేటు, రాకపోతే ఇంకోటి. రాకపోవడానికే ఎక్కువ. ప్రపంచంలో ఇంకెక్కడైనా సరుకు తీసుకోకపోతే ఎక్కువ ధర కట్టే కొనుగోలుదారుణ్ణి చూశారా? తనిఖీకొచ్చే పెద్దలకు ఈ రెండో రేటు తెలియదా? ఫీజుల నియంత్రణ అంటూ కమిషన్లు, కమిటీలు వేసే సర్కారుకు వినపడలేదా?

పోనీ, ప్రభుత్వ యూనివర్సిటీ సంగతి చూద్దాం. ప్రకాశం జిల్లాకు సొంత యూనివర్సిటీ కావాలని ఏళ్ల తరబడి అడిగితే 2022లో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఇచ్చారు. నాగార్జున వారి ఒంగోలు పీజీ కేంద్రానికి కొత్త పేరు పెట్టారు. ఆ ఆంధ్రకేసరి, అంటే టంగుటూరి ప్రకాశం పంతులు, లండన్‌లో బారిస్టరీ చదివొచ్చి, ఇంగ్లిష్‌లో, తెలుగులో, తమిళంలో ఒకేసారి పత్రిక నడిపిన మనిషి. ఆయన పేరు పెట్టారు. ఆయన పేరున్న చోట ఇంగ్లిష్ చెప్పడం నేర్పే పీజీ ఒకటి, గట్టి అధ్యాపకులతో, పక్కనే నాలుగు హైస్కూళ్లను దత్తత తీసుకుని నడపడానికి ఎంత ఖర్చవుతుంది? ట్యాబుల ఖర్చులో వెయ్యో వంతు? అడిగితే బడ్జెట్ లేదంటారు. పేర్లకు బడ్జెట్ అక్కర్లేదు కదా.

మొన్న వినుకొండ బస్టాండులో ఒక పెద్దాయన కలిశాడు. కూతురు డిగ్రీ అయిందట, ఇంగ్లిష్ టీచరు అవుతానంటోందట. తెలిసినంతలో ఒక కాలేజీ పేరు చెప్పాను. ఆయన ముఖం చిట్లించాడు. ‘దాన్ని గురించి విచారించాం సార్. రోజూ రమ్మంటున్నారు. ఇంకేదైనా మంచి కాలేజీ ఉంటే చెప్పండి.’